ఎదురు పందెం

కాజ్ డుడెక్‌కి పై వరుసలో ముందు పళ్ళు నాలుగు లేవు. రెండేళ్ళ కిందట ఒక జనవరి తెల్లవారుజామున, మంచు తోసే లారీ ఎక్కబోతూ, గడ్డకట్టిన మెట్టు మీద కాలు జారి ఇనుప తలుపుకి మూతి కొట్టుకున్నాడు. పళ్ళు పోతే ఎవరికైనా కష్టమే. కానీ కాజ్ ముప్పై ఒక్క ఏళ్ళుగా ట్రంపెట్ ఊదుతున్న మనిషి. పెదవి వెనక దన్నుగా పన్ను లేకపోతే బూర పలకదు. గాలి బుస్సుమని పోతుంది, అంతే. తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళతో ఒకసారి ప్రయత్నించాడు. మొదటి పోల్కా డ్యాన్సు పాట సగంలో ఉండగా అవి ఊడి, ఎగిరి, హాయిగా గిర్రున తిరుగుతున్న ఒక పెద్దావిడ చెప్పు పక్కన పడ్డాయి. జనం పడీ పడీ నవ్వారు. కాజ్ కూడా నవ్వాడు. ఇంటికెళ్ళి ట్రంపెట్‌ను పెట్టెలో పెట్టి మంచం కిందికి తోసేశాడు. మళ్ళీ తీయలేదు.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం తమ ఊరు చీక్టవాగాలో, అగ్నిమాపకవాళ్ళ ఫైర్ హాల్లో వేపుడు చేపల విందు జరిగేటప్పుడు, తన బ్యాండు వేదిక మీద వాయిస్తుంటే కాజ్ కింద కుర్చీలు సర్దేవాడు. ట్రంపెట్ రావలసిన చోట క్లారినెట్ వాయించే నార్బ్ ఏదో ఊది నెట్టుకొచ్చేవాడు. ఆ చోటు వచ్చినప్పుడల్లా కాజ్ చేతిలో కుర్చీ ఆగిపోయేది. చూసినవాళ్ళు చూడనట్టు ఊరుకునేవారు.

దవడ ఎముకలోకి మర దించి, దాని మీద పన్ను బిగిస్తే అది కదలదు, ట్రంపెట్‌కి పనికొస్తుంది అన్నాడు పళ్ళ డాక్టరు. నాలుగింటికీ పదమూడు వేల డాలర్లు. బీమావాళ్ళని అడిగితే, అది అందం కోసం చేయించుకునే పని, మాకు సంబంధం లేదన్నారు. యాభై ఏడేళ్ళ వయసులో, చింపిరి గడ్డంతో, మంచు లారీ నడుపుకునే మనిషికి అందం ఏమిటో ఆ కాగితం రాసినవాళ్ళకే తెలియాలి.

ఆ పదమూడు వేలు వచ్చే దారి కాజ్‌కి ఒక్కటే కనిపించింది. హాల్లో జరిగే అమెరికన్ ఫుట్‌బాల్ పందెం.

పందెం సులువైనదే. సెప్టెంబర్‌లో ఆటలు మొదలైనప్పుడు తలా వంద డాలర్లు వేస్తారు. వారానికి ఒక జట్టు పేరు రాసి, కవరులో పెట్టి, బార్ చూసుకునే చెట్ చేతికివ్వాలి. ఆ జట్టు గెలిస్తే ఉంటావు, లేకపోతే ఇంటికి పోతావు. ఒకసారి వాడిన జట్టుని మళ్ళీ వాడకూడదు. అదే అసలు మెలిక. మంచి జట్లన్నీ ముందే వాడేసుకున్నవాడికి చివర్లో అంతంతమాత్రపు జట్లే మిగులుతాయి. పద్దెనిమిదో వారంతో, జనవరి మొదట్లో, పందెం ముగుస్తుంది. ఈ ఏడు రెండొందల పన్నెండు మంది చేరారు. అంటే మొత్తం ఇరవై ఒక్క వేల రెండొందలు.

ఈ పందెం మొదలుపెట్టినవాడు స్టాష్ పియెట్రాస్. ఆయన పోయి పదకొండేళ్ళయింది. ఆయన చేత్తో రాసిన రూల్స్ అట్ట మాత్రం బీరు కుళాయి పైన ఇంకా వేలాడుతోంది. ఆఖరి వారానికి ఇద్దరు మిగిలి, ఇద్దరి జట్లూ గెలిస్తే చెరి సగం. ఒకరే గెలిస్తే మొత్తం వాళ్ళదే. ఇద్దరూ పోతే ఎవరికీ లేదు, డబ్బు హాలు పైకప్పు బాగుకి. ఆఖరి వారం గురించి అట్ట మీద అంతకుమించి లేదు.

ఈసారి ఆఖరి వారానికి ఇద్దరే మిగిలారు. ఒకరు కాజ్. రెండోది స్టాష్ భార్య ఫ్లోరెన్స్.

ఫ్లోరెన్స్‌కి ఎనభై ఒకటి. హాల్లో ఇంటి రొట్టెల బల్ల దగ్గర కూర్చుంటుంది. అందరికీ పిన్నే. జట్టుని ఎందుకు ఎంచుకున్నావని అడిగితే, "ఆ ఊళ్ళో మా మరిది ఉండేవాడు, బంగారంలాంటి మనిషి" అనేది. లేకపోతే, "ఆ ఊరి సూపు బాగుంటుంది" అనేది. అలా అంటూనే పదిహేడు వారాలు దాటేసింది. లెక్కలు కట్టి, పేపర్లు చదివి ఆడిన మగాళ్ళంతా అక్టోబర్‌కే ఇంటిదారి పట్టారు.

ఆఖరి వారం శుక్రవారం, చేపల వాసనతో హాలంతా నిండిపోయి ఉండగా, ఫ్లోరెన్స్ కాజ్‌ని వేలు ఊపి పిలిచింది.

"ఒరే కాజూ, ఆ కుర్చీలు పారిపోవులే గానీ ఇలా రా. కూర్చో. మనం చెరి సగం చేసుకుందాం."

కాజ్ అలవాటుగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఇప్పుడేనా పిన్నీ? ఆట చూడకుండానే?"

"చూడకుండానే. ఎవరు గెలిచినా, ఎవరు పోయినా సగం సగం. నీ మాట, నా మాట. ఆ డబ్బుతో పళ్ళు పెట్టించుకో."

"సగం అంటే పదివేల ఆరొందలు. పళ్ళకి పదమూడు వేలు."

"తెలుసురా, నాకు లెక్క చెప్పకు. మిగతాదానికి ఏదో ఒక తిప్పలు పడు. నాకెంత టైముందో నాకు తెలీదు. నా అంత్యక్రియలకి నువ్వు ట్రంపెట్ వాయించాలి. ఆ నార్బ్‌గాడు వాయించాడంటే పెట్టెలోంచి లేచొచ్చి తంతాను, చెప్తున్నా."

"అలాంటి మాటలెందుకు పిన్నీ?"

"మాటలు సరే. ఒప్పుకుంటున్నావా, లేదా?"

ఒక్క నిమిషం అని చెప్పి కాజ్ బార్ దగ్గరికి నడిచాడు. అక్కడ అతని అక్క కూతురు జోలీన్ ఉంది. పెద్ద కంపెనీలో లెక్కలు వేసే ఉద్యోగం. అంకెలంటే ఆ పిల్లకి మిఠాయితో సమానం. సంగతి విని తల అడ్డంగా ఊపేసింది.

"వద్దు మామయ్యా. సగానికి దిగకు. నీ జట్టు ఇండియానాపొలిస్ కదా? అది గెలిస్తే సరే. ఓడితే నీ పళ్ళ ఆశ అంతటితో సరి. అవునా?"

"అవును."

"అందుకని అవతలి జట్టు మీద, నాష్‌విల్ మీద, ఫోన్లో ఎదురు పందెం కాద్దాం. డాలరుకి రెండు డాలర్ల ఇరవై సెంట్లు ఇస్తున్నారు. ఆరు వేలు పెట్టావంటే పదమూడు వేల పైనే వస్తుంది, నీ ఆరు వేలూ తిరిగొస్తాయి. ఇటు పడితే హాలు డబ్బుతో పళ్ళు. అటు పడితే ఫోన్ డబ్బుతో పళ్ళు."

"ఎటు పడినా పళ్ళేనా?"

"ఎటు పడినా పళ్ళే."

"మరి పిన్ని కూడా గెలిస్తే?"

"నువ్వూ గెలిచి ఆవిడా గెలిస్తే రూలు ప్రకారం ఎలాగూ సగం వస్తుందిగా. దానికోసం ఇప్పుడే ఎందుకు ఒప్పుకోవడం? రేపు శనివారం చెట్ ఆవిడ కవరు విప్పాక చూసుకుని పందెం కాద్దాం."

కాజ్‌కి రెండేళ్ళ తర్వాత మొదటిసారి ఊపిరి తేలిగ్గా ఆడింది. ఎటు పడినా పళ్ళే. ఇంత చిన్న విషయం తనకెందుకు తట్టలేదా అనుకున్నాడు. అంత తేలిగ్గా అనిపించినప్పుడే మనిషి ఒకసారి ఆగి చూసుకోవాలి. కాజ్ ఆగలేదు.

రొట్టెల బల్ల దగ్గరికి తిరిగి వచ్చాడు. "వద్దులే పిన్నీ. సగం నాకు చాలదు. నాకు మొత్తం కావాలి."

ఫ్లోరెన్స్ కళ్ళజోడు పైనుంచి అతన్ని చాలాసేపు చూసింది. "మొత్తం కావాలా?"

"కావాలి."

"సరే అయితే," అని ఆవిడ రొట్టె కోయడంలో పడింది. కాజ్‌కి మనసులో ఎక్కడో చురుక్కుమంది. ఫోన్ పందెం సంగతి ఆవిడకి చెప్పేద్దామా అనుకున్నాడు. కానీ ఆ హాల్లో అది చెప్పుకోదగ్గ పని కాదు. అక్కడొక ఆచారం ఉంది. పందెంలోంచి పోయినవాళ్ళంతా మిగిలినవాడి జట్టే తమ జట్టు అనుకుంటారు. ఆఖరి రోజున దాని రంగు టోపీలు కొనుక్కొచ్చి మరీ అరుస్తారు. అలాంటి చోట, నా జట్టు ఓడినా నాకు డబ్బొస్తుందని చెప్పడం తల్లి మీద ఒట్టు వేసి తప్పడం లాంటిది. అందుకని నోరు మూసుకున్నాడు.

శనివారం సాయంత్రం చెట్ ఫ్లోరెన్స్ కవరు చింపాడు. కాగితం చూశాడు. వెనక్కి తిప్పి చూశాడు. మళ్ళీ ముందుకి తిప్పాడు.

"కరోలినా," అన్నాడు.

హాల్లో అందరూ బార్ వైపు తిరిగారు. ఆ ఏడు కరోలినా అప్పటికే పదమూడు ఆటలు ఓడిపోయింది. గెలవడం ఎలా ఉంటుందో మరిచిపోయిన జట్టు అది. పదిహేడు వారాలు నెగ్గుకొచ్చిన మనిషి ఆఖరి వారంలో దాని పేరు రాయడమేమిటి?

"పిన్నీ, కరోలినాయా?" అన్నాడు నార్బ్. "తాగి రాశావా?"

"ఆ నీలం రంగు నాకిష్టం," అంది ఫ్లోరెన్స్.

ఆ సాయంత్రం ఆటలో కరోలినా ముప్పై నాలుగు – ఆరు పాయింట్లతో చిత్తుగా ఓడింది. ముసలితనం వచ్చి పడిందని కొందరు నిట్టూర్చారు. ఫ్లోరెన్స్ మాత్రం అల్లికసూదులు సంచిలో వేసుకుని, కోటు తొడుక్కుని, "పద కాజూ, ఇంటి దగ్గర దింపు" అంది. స్టాష్ పోయినప్పటి నుంచి హాలు నుంచి ఆవిడని ఇంటికి దింపేది కాజే. దారిలో ఆవిడ హుషారుగా పాట కూనిరాగం తీసింది. ఓడిపోయిన మనిషి ఇంత సంతోషంగా ఉందేమిటని కాజ్ ఆశ్చర్యపోయాడు గానీ అడగలేదు. అతని బుర్రంతా ఆరు వేల మీదే ఉంది.

ఆ రాత్రే తన చేపల పడవని, మోటారుతో సహా, నార్బ్‌కి ఆరు వేలకి అమ్మాడు. వసంతంలో అదే ధరకి తిరిగి ఇచ్చేయాలని మాట తీసుకున్నాడు. ఎందుకని నార్బ్ అడిగితే, "అవసరం" అన్నాడు. ఎటు పడినా పళ్ళు పోను పడవ విడిపించుకోవడానికి సరిపడా మిగులుతుంది. జోలీన్ ఆ లెక్క కూడా వేసి పెట్టింది. ఆదివారం పొద్దున్న చర్చి బయట కారులో కూర్చుని, ఇద్దరూ కలిసి ఫోన్లో నాష్‌విల్ మీద ఆరు వేలు కాశారు.

మధ్యాహ్నం ఒంటిగంటకి హాలు కిటకిటలాడింది. బయట సరస్సు మీద నుంచి వచ్చిన మంచు కిటికీ సగం దాకా పేరుకుపోయింది. లోపల అందరి నెత్తిన ఇండియానాపొలిస్ నీలం టోపీలు. ఎవరెవరో వచ్చి కాజ్ భుజం తట్టి వెళ్తున్నారు. "ఈస్టర్‌కల్లా ఊదాలి కాజ్," అన్నారొకరు. "మా అమ్మాయి పెళ్ళి జూన్‌లో, డేట్ రాసుకో," అన్నారు ఇంకొకరు. కాజ్ పియెరోగీలు, ఆలుగడ్డ కూరి ఉడికించిన కుడుములు, రెండు పళ్ళాలు తిన్నాడు. అంత నిబ్బరంగా ఉన్నవాడిని తామెప్పుడూ చూడలేదన్నారు జనం.

నిబ్బరం కాదది. ఇండియానాపొలిస్ పాయింట్లు కొడితే అతనికి సంతోషమే. నాష్‌విల్ కొట్టినప్పుడూ లోపల ఏ కలతా లేదు. తలుపుకి రెండు వైపులా గొళ్ళెం పెట్టుకున్నవాడిలా కూర్చున్నాడు.

హాలు మొత్తంలో కంగారు పడుతున్నది ఫ్లోరెన్స్ ఒక్కతే. టీవీ కిందే కుర్చీ వేసుకుని, జపమాల వేళ్ళకి చుట్టుకుని, పెదవులు కదుపుతూ ఉంది. ఇండియానాపొలిస్ బంతి జారవిడిచినప్పుడల్లా, "ఒరే చేతకాని వెధవా!" అని అరిచి, వెంటనే శిలువ గుర్తు వేసుకుని మళ్ళీ జపంలో పడేది. పందెంలోంచి పోయిన మనిషికి ఇంత ఆరాటం ఏమిటని కాజ్‌కి వింతగా అనిపించింది. పక్క టీవీలో వేరే ఆటలు నడుస్తున్నాయి. అటు ఎవరూ చూడడం లేదు.

ఆట ఇరవై – ఇరవై దగ్గర ముగిసింది. పది నిమిషాలు అదనంగా ఆడించారు. ఆ పది నిమిషాల్లో ఇద్దరూ ఏమీ సాధించలేదు. ఆఖరికి నాలుగు సెకన్లు ఉన్నాయనగా, ఇండియానాపొలిస్ కిక్ కొట్టేవాడు ముందుకొచ్చాడు. బంతిని రెండు స్తంభాల మధ్యలోంచి తంతే గెలుపే. పెద్ద దూరం కాదు. వాడు అంతకంటే దూరం నుంచి కళ్ళు మూసుకుని కొట్టగలడని అందరికీ తెలుసు. హాల్లో అప్పుడే చప్పట్లు మొదలయ్యాయి.

బంతి లేచింది. వెళ్ళి పసుపుపచ్చ స్తంభానికి కొట్టుకుంది. 'ఠంగు'మన్న చప్పుడు టీవీలోంచి స్పష్టంగా వినిపించింది. వెనక్కి పడింది.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

"ఇప్పుడేంటి?" అన్నాడు నార్బ్. "ఇంకో పది నిమిషాలు ఆడిస్తారా?"

"లేదు," అన్నాడు చెట్. "అయిపోయింది. సమానం."

కాజ్ చెవుల్లో ఆ మాట పడింది గానీ లోపలికి దిగలేదు. ఇటు పడలేదు. అటు పడలేదు. నిలువునా మధ్యలో నిలబడిపోయింది. ఆట సమానంగా ముగియడం అతను తన జన్మలో ఐదారుసార్లు చూశాడేమో. అది తన ఆటకి జరగవచ్చన్న ఆలోచనే రాలేదు. కళ్ళు తిప్పి జోలీన్ కోసం చూశాడు. ఆ పిల్ల మొహం తెల్లగా పాలిపోయింది.

జేబులో ఫోన్ గుర్రుమంది. తీసి చూశాడు. ఆట సమానం, పందెం రద్దు, మీ ఆరు వేల డాలర్లు మీకు వాపసు.

"మామయ్యా," అంది జోలీన్ దగ్గరికొచ్చి, వినీ వినపడనట్టు. "రెండు వైపులూ లెక్కేశాను. మూడోది ఒకటి ఉందని... నాకు తట్టనే లేదు మామయ్యా."

చెట్ బీరు కుళాయి పైనున్న అట్ట దించాడు. కళ్ళజోడు సవరించుకుని పైకి చదివాడు. "గెలిస్తే ఉంటావు. గెలవకపోతే పోతావు." చదివి అందరి మొహాలూ చూశాడు. "ఓడిపోతే అని రాయలేదర్రా. గెలవకపోతే అని రాశాడు."

"ఆయన ఉండుంటే ఒప్పుకునేవాడే," అన్నారు ఎవరో. "పళ్ళ కోసం కదా."

"ఒప్పుకునేవాడు కాదు," అంది ఫ్లోరెన్స్. కుర్చీలోంచి లేవలేదు. జపమాల ఒళ్ళో పడి ఉంది.  "స్టాష్ రాసింది స్టాష్ రాసినట్టే ఉండాలి. డబ్బు పైకప్పుకి ఇచ్చేయండి."

జనం టోపీలు ఒక్కొక్కటిగా తీసేశారు. నార్బ్ నోరు ఊరుకోదు, ఎప్పుడూ ఊరుకోదు. "ఏం చేస్తాం పిన్నీ. నువ్వైనా నిన్న కాస్త బుద్ధి పెట్టి రాసి ఉంటే, ఆ డబ్బు ఇంటి మనిషికే దక్కేది."

"బుద్ధి పెట్టే రాశాను," అంది ఫ్లోరెన్స్.

"కరోలినానా?"

"చెట్, నా కాగితాలన్నీ ఉన్నాయిగా. చదువు."

చెట్ సొరుగులోంచి కాగితాలు తీసి చదివాడు. పదిహేడు వారాలు, పదిహేడు జట్లు, పద్దెనిమిదోది కరోలినా. చదువుతూ చదువుతూ అతని గొంతు నెమ్మదించింది. ఒకసారి మళ్ళీ మొదటి నుంచి వేలితో చూసుకున్నాడు. తల ఎత్తి పక్క టీవీ వైపు చూశాడు. అందరూ అటు తిరిగారు. అక్కడ డెట్రాయిట్ ఆట ముగుస్తోంది. నలభై ఒకటి – పది. ఆ ఏడు అందరికంటే బలమైన జట్టు అదే. అందరూ సెప్టెంబర్‌లోనే దాన్ని వాడేసుకున్నారు.

"నువ్వు డెట్రాయిట్‌ని వాడలేదు పిన్నీ," అన్నాడు చెట్. "ఏడాదంతా దాచుకున్నావు."

"దాచుకున్నాను. నలభై ఏళ్ళు స్టాష్ పక్కన కూర్చున్నాను. ఆఖరికి ఏది దాచుకోవాలో ఆ మాత్రం తెలీదా?"

"మరెందుకు...?"

"వాడికి మొత్తం కావాలన్నాడు." ఫ్లోరెన్స్ కాజ్ వైపు చూడకుండా టీవీ వైపే చూస్తూ చెప్పింది. "ఇద్దరం గెలిస్తే సగమే వస్తుంది. సగం చాలదన్నాడు. కాబట్టి నేను పోవాలి. అందుకే పోయాను."

హాల్లో ఎక్కడో ఒక గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. 

"అదేంటి పిన్నీ," అంది జోలీన్, ఏడుపు గొంతుతో. "మీరు గెలిచి, మీ సగం మామయ్యకి ఇచ్చుండొచ్చుగా!"

"ఇస్తే తీసుకుంటాడా వీడు? కుర్చీలు మోసినందుకు చేపముక్క ఊరికే పెడితే తినడు, డబ్బు పెట్టి తింటాడు. సగం సగం అన్నా అందుకే. పందెం డబ్బయితే తీసుకుంటాడని."

  శుక్రవారం రొట్టె కోస్తున్న చెయ్యి, కళ్ళజోడు పైనుంచి చూసిన చూపు, నిన్న కారులో కూనిరాగం, ఇవాళ ఆ జపం, అన్నీ కాజ్‌కి ఒక్కసారిగా అర్థమయ్యాయి. సిగ్గుతో ఒళ్ళంతా మండింది. చెప్పకుండా వెళ్ళిపోవచ్చు. ఫోన్ పందెం సంగతి జోలీన్‌కి తప్ప ఎవరికీ తెలియదు. కానీ ఫ్లోరెన్స్ మొహం చూస్తూ వెళ్ళడం అతని వల్ల కాలేదు.

"పిన్నీ, నేను నాష్‌విల్ మీద కూడా కాశాను," అన్నాడు.

ఫ్లోరెన్స్ మెల్లగా తల తిప్పింది. "ఏమన్నావు?"

"ఫోన్లో. ఆరు వేలు. పడవ అమ్మి కాశాను. ఇటు పోయినా అటు వస్తుందని."

ఎవరో గట్టిగా తిట్టారు. నార్బ్ నోరు తెరిచి, జీవితంలో మొదటిసారి ఏమీ అనకుండా మూసుకున్నాడు. నీలం టోపీ ఒకటి బల్ల మీద నుంచి జారి కింద పడింది. ఎవరూ తీయలేదు.

"అవతలివాళ్ళు గెలిచినా నీకు పళ్ళొచ్చేవి," అంది ఫ్లోరెన్స్.

"వచ్చేవి."

"అందుకేనా శుక్రవారం వద్దన్నావు?"

"అందుకే."

"నేను ఐదుసార్లు జపమాల తిప్పాను కాజూ. ఆ దిక్కుమాలిన కిక్ కొట్టేవాడి కోసం, వాడి అమ్మ కోసం కూడా ప్రార్థన చేశాను." ఆవిడ జపమాల వేళ్ళకి బిగించి చుట్టుకుంది.  "శుక్రవారం ఆ ఒక్క ముక్క నా చెవిన వేసి ఉంటే, నేను డెట్రాయిట్ రాసి ఉండేదాన్ని. ఇవాళ మొత్తం నా చేతిలో ఉండేది."

కాజ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయి, పళ్ళు లేని నోరు తెరుచుకుని అలాగే నిలబడ్డాడు. రెండేళ్ళు ఆశపడ్డ పళ్ళు పోయాయి. దానికంటే, ఆ పళ్ళు తనకంటే ఎక్కువగా కోరుకున్న మనిషి ఒకరు పక్కనే ఉన్నారని, ఆ మనిషికి తాను ఒక్క మాట చెప్పలేకపోయాడని అతనికి ఎక్కువ నొప్పిగా ఉంది.

"ఆ ఆరు వేలు తిరిగొచ్చాయా?" అంది ఫ్లోరెన్స్.

"వచ్చాయి."

"దాంతో ఎన్ని పళ్ళొస్తాయి?"

కాజ్ బిక్కమొహం వేశాడు. ఒక్కొక్క పన్ను లెక్కన అతనెప్పుడూ ఆలోచించలేదు. జోలీన్ కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. "రెండు. రెండింటికి ఓ అయిదొందలు తక్కువ పడతాయి."

"ట్రంపెట్ నిలబడేది మధ్యలో రెండింటి మీదేగా?"

"మధ్య రెండింటి మీదే," అన్నాడు కాజ్.

"నార్బ్, పడవ వాడికి తిరిగివ్వకు," అంది ఫ్లోరెన్స్. "వాడు కాళ్ళు పట్టుకున్నా ఇవ్వకు."

నార్బ్ తల ఊపాడు. ఫ్లోరెన్స్ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. జపమాల సంచిలో వేసుకుంది. కాజ్ గబగబా వెళ్ళి మేకుకి వేలాడుతున్న ఆవిడ కోటు తీసి, పదకొండేళ్ళుగా పట్టుకుంటున్నట్టే చేతులు దూర్చుకోవడానికి వీలుగా పట్టుకున్నాడు.

ఆవిడ కోటు అతని చేతిలోంచి తీసుకుని తనే తొడుక్కుంది. బొత్తాలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం చేయలేదు, చేయనివ్వదని తెలుసు.

"చలిగా ఉంది పిన్నీ. లారీ బయటే ఉంది. పద," అన్నాడు కాజ్.

"వద్దు," అంది ఫ్లోరెన్స్. "ఇవాళ చెట్ దింపుతాడు."

చెట్ అట్టని మళ్ళీ మేకుకి తగిలించి, తాళాలు తీసుకుని ఆవిడ వెనక నడిచాడు. తలుపు తెరుచుకుని మంచుగాలి లోపలికి కొట్టింది. మళ్ళీ మూసుకుంది. కాజ్ హాలు మధ్యలో నిలబడి, కిటికీ అద్దంలోంచి చెట్ కారు ఎర్ర దీపాలు మలుపు తిరిగేదాకా చూస్తూ ఉండిపోయాడు.